గోళ్లు చూసి తీర్పు చెప్పిన సాయంత్రం

మొన్న తిరువళ్ళూరులో నేను నవ్వులపాలైన సంగతి వేరేవాళ్లు ఉప్పూకారం చల్లి చెప్పకముందే నేనే చెప్పేస్తాను.

ఆడికృత్తికకు తిరుత్తణి మురుగన్ కొండకు కావడి ఎత్తే మొక్కు నాది. ఆ విరతం రోజుల్లో మా ఇంట్లో నీసు మాటే వినపడకూడదు. అప్పుడే మా అమ్మాయి వసంత, బడి సైన్స్ ఎగ్జిబిషన్ కోసం వెదురుబద్దలతో, వరిగడ్డితో నా ఎత్తు డైనోసార్ చేసి నట్టింట్లో నిలబెట్టింది. తాటిమట్టలు చెక్కి చేసిన గోళ్లు కొడవళ్లలా ఉన్నాయి.

"ఇది మాంసం తినేది. బయట పెట్టు," అన్నాను.

"కాదు నాయనా. ఇది థెరిజినోసార్. దీని వంశమంతా మాంసం తినేదే, ఇది మాత్రం ఆకులు తింటాది. మొదట గోళ్లు దొరికితే చదువుకున్నోళ్లే తాబేలు లాంటిది అనుకున్నారంట. దీన్ని యాడ చేర్చాలో చాన్నాళ్లు తేలలేదు."

"నాకు తేలింది. ఆ గోళ్లు ఆకులు కోసేదానికా?"

తెల్లారితే ఎగ్జిబిషన్. పిల్ల ఏడుపు మింగుకొని బొమ్మను పెరటి కొట్టంలో పెట్టింది.

దీపాలు పెట్టే వేళ కరెంటు పోయింది. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి పోయాను. ఆకు కూడా కదలడం లేదు. కొట్టంలో ఏదో నములుతోంది. నేను ఆగితే అదీ ఆగింది. అడుగు వేస్తే మళ్లీ నమిలింది.

"యారు? ఎవరది?" అన్నాను.

మసక వెలుతురులో పొడుగాటి మెడ ఒకటి మెల్లగా నా వైపు తిరిగింది. గోళ్లు నేలను గీసుకుంటూ ముందుకు వచ్చాయి. మురుగా, మురుగా అన్నాను. వెనక్కి నడిచి నడిచి నీళ్లతొట్టిలో పడ్డాను.

వసంత టార్చి వేసింది. మా మేక కట్టు తెంపుకొని, బొమ్మ గడ్డి కడుపులోకి తల దూర్చి, వెదుర్లలో ఇరుక్కొని, బొమ్మను మోసుకొని నిలబడి ఉంది.

గోడ అవతల నుంచి పక్కింటి సుబ్బు, "ఏం బావా, తొట్లోనే తీర్థమా?" అన్నాడు.

వసంత నవ్వలేదు. "గోళ్లే మిగిలినాయి నాయనా," అంది. తర్వాత నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

మరునాడు తిరువళ్ళూరు బడిలో, ఒంటినిండా గడ్డి కట్టుకొని, చేతులకు గోళ్లు తగిలించుకొని పొద్దంతా నిలబడ్డాను. వసంత వంశం సంగతీ ఆకుల సంగతీ తడబడకుండా చెప్పింది. మార్కులు వేసే టీచరమ్మ నా చుట్టూ తిరిగి చూసి, ఫస్ట్ ప్రైజు రాసి, పెన్ను మూసింది.

"అంతా బాగుంది పాపా. ముఖం మాత్రం ఆకులు తినేదాని మాదిరి లేదు."