కరెంటొచ్చిందని పిలిచిన రాత్రి

తింటున్న అన్నం మీద ఒట్టు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వు రాదు. ఎవరో చెప్పగా విన్నది కాదు ఇది. నాకే జరిగింది. మొన్నటి చలికాలం, ఈ హామిల్టన్ ఫ్లాట్‌కు రాకముందు, ఒక కివీ పండ్ల తోటలో.

తీగలు కత్తిరించే పని. కాంట్రాక్టర్ మమ్మల్ని ఉంచింది రేకుల షెడ్డులో. ఒకప్పుడు పండ్ల డబ్బాలు పెట్టేవాళ్ళట. డబ్బాలకు చలెయ్యదు కదా! గోడల నిండా చెమ్మ. హీటర్ పాడైందంటే రేపు చూద్దాం అంటాడు. గట్టిగా అడుగుదామంటే మా వీసాలు అతని పనితో ముడిపడి ఉన్నాయి. నోరెత్తితే విమానం ఎక్కాలి. ఎక్కి ఎక్కడికి పోవాలి? అనంతపురంలో మా చేనుకా?

అక్కడ ఒక్కటి తప్ప బోర్లన్నీ ఎండిపోయాయి. ఆ ఒక్కదానికీ కరెంటు అర్ధరాత్రే ఇచ్చేవాళ్ళు. రాగానే మా అన్న నన్ను లేపేవాడు, ఇద్దరం మోటారు వెయ్యడానికి వెళ్ళేవాళ్ళం. ఒక రాత్రి నాకు జ్వరమని లేపకుండా ఒక్కడే వెళ్ళాడు. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకున్నాడు... ఆ తర్వాత ఆ చేను మొహం చూడబుద్ధి కాలేదు. అందుకే ఇంత దూరం వచ్చి పడ్డాను.

సరే, ఆ రాత్రి. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. చికెన్ కాల్చుకున్న బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వృథా ఎందుకని గురుమీత్, నేను వాటిని ఇనుప తొట్టిలోకి ఎత్తి షెడ్డులో పెట్టాం. మన ఇళ్ళల్లో కుంపటి పెట్టుకోమా? కాకపోతే మన ఇళ్ళకు పెంకుల సందులుంటాయి. ఇక్కడ ఉన్న సందులన్నీ చలికి మేమే అట్టముక్కలతో మూసేశాం. ఆ సంగతే తట్టలేదు. గురుమీత్‌ది పంజాబ్. మిగతావాళ్ళు వనువాటు దీవులవాళ్ళు. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే... అది గుర్తుపెట్టుకోండి.

చాలా రోజులకు వెచ్చగా నిద్రపట్టింది.

"శీనా..."

కళ్ళు తెరిచాను. చీకటి. బొగ్గుల చిటపట... పక్క మంచం మీద గురుమీత్ గురక, ఆగి ఆగి. ఆ పిలుపు తలుపు అవతల నుంచి వచ్చింది.

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని మా ఊళ్ళో అంటారు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

"శీనా... కరెంటొచ్చిండాది."

రెండు. తల దిమ్ముగా ఉంది. గురక... ఆగింది. మళ్ళీ వస్తుందని చూశాను. రాలేదు. మూడోసారి పిలవకూడదని దేవుడికి మొక్కుకున్నాను. పిలవాలనీ మొక్కుకున్నాను.

"లెయ్ రా, శీనా."

లేచాను. కాళ్ళు నిలబడలేదు. పాక్కుంటూ వెళ్ళి గడియ తీశాను. చల్లగాలి మొహానికి కొట్టింది, భళ్ళున వాంతి అయింది. అప్పుడు తెలిసింది... బొగ్గులు. ఒక్కొక్కణ్ణీ బయటికి ఈడ్చాను. గురుమీత్ అందరికన్నా ఆలస్యంగా కదిలాడు. అందరం బతికాం.

తలుపు ముందు మంచు మీద మేము పడి లేచిన గుర్తులే ఉన్నాయి. ఇంకెవరి అడుగూ లేదు.

మర్నాడు కాంట్రాక్టర్ కొత్త హీటర్ తెచ్చి, విషయం బయటికి పొక్కనివ్వద్దన్నాడు. డాక్టరేమో ఆ బొగ్గుల గ్యాస్ తలకెక్కితే లేనిపోనివి వినిపిస్తాయన్నాడు. నేనూ అదే అనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ గురుమీత్ నన్ను పక్కకు పిలిచి, తలుపు దగ్గర నీతో మాట్లాడిన మనిషెవరని అడిగాడు. నువ్వే కలవరించావేమోలే అని మళ్ళీ తనే సర్దుకున్నాడు.

అయ్యుండొచ్చు. ఏమో... ఇప్పటికీ నేను తలుపు పక్కనే పడుకుంటాను. గడియ పెట్టాలంటే చెయ్యి రాదు. మూడోసారి కూడా పిలిస్తే అది మనిషేనని అంటారు మా ఊళ్ళో.