మెయిన్ ఎత్తిన పూట

మా ఆవిడ ఊపిరి కరెంటు మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి ముందు చెప్పకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. చెప్పాను కదా అని క్షమించమని అడగడం లేదు.

ఇరవై ఏళ్లకు పైగా ఆమె మిరప కళ్లాల్లో కూర్చుని తాలుకాయలు ఏరింది, తొడిమలు తీసింది. ముక్కుకి కొంగు అడ్డం కట్టుకునేది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కొంగు జాడిస్తే బకెట్లో నీళ్లు ఎర్రబడేవి. ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పిన డాక్టరు అది మిరప ఘాటు వల్లే అనలేదు, కాదనీ అనలేదు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. అది ప్లగ్గులో ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఆగితే పావుగంటలో ఆమె పెదాలు నల్లబడతాయి.

మాది పర్చూరు పక్క పల్లె. మా వీధి చర్చి వీధి. నలభై ఏళ్లు డీజిల్ లారీ తోలి, ఒంట్లో ఓపిక తగ్గాక దాన్ని అమ్మేసి చిన్న కరెంటు లారీ కొన్నాను. మిరప టిక్కీలు, అంటే ఎండుకాయ నింపిన గోతాలు, గుంటూరు కోల్డ్ స్టోరేజీకి, పత్తి బోరేలు జిన్నింగు మిల్లుకి వేస్తుంటాను. కొన్న కొత్తలో ఊళ్లో నన్ను ఆడుకోనివాడు లేడు. "చార్జింగు అయిపోతే ఎడ్లు కట్టుకొస్తావా మావా?" అనేవాళ్లు. నాకు కోపం త్వరగా వస్తుంది. వచ్చిన ప్రతివాడికీ సమాధానం చెప్పి పంపేవాణ్ణి.

బండి కేబిన్ వెనక ఒక సాకెట్ ఉంది. బండి బ్యాటరీలో నుంచి ఇంటికి వాడుకునే కరెంటు అందులో వస్తుంది. అది చూసిన రోజే నాకు మా ఆవిడ మిషన్ గుర్తొచ్చింది. ఇళ్లకు వైరింగు చేసే మా బావమరిదిని పిలిపించాను. వాడు ఒక పొడుగాటి వైరుకి రెండు పక్కలా ప్లగ్గులు బిగించి ఇచ్చాడు. ఒక కొస బండికి, రెండో కొస వరండాలో గోడ సాకెట్టుకి పెడితే ఇల్లంతా వెలుగుతుంది. బిగించినంతసేపూ వాడు సణుగుతూనే ఉన్నాడు.

"బావా, ముందు మెయిన్ స్విచ్చి దించాలి. దించకుండా పెట్టావంటే మనింట్లో కరెంటు సర్వీసు వైరెక్కి పోలు మీదకి పోద్ది. లైను మీద మనిషుంటే చస్తాడు."

"నాకు చెవుడా? ఒకసారి చెబితే చాలదా?"

"చాలదు బావా. ఇట్టాంటిది చెయ్యకూడదసలు. అక్క కోసం చేస్తున్నా."

మొన్న ఏప్రిల్‌లో గాలివాన వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి చీకటి పడింది. కళ్లాల్లో పట్టలు ఎగిరిపోయి ఎండిన కాయ తడిసిపోయింది. ఊళ్లో వరసగా స్తంభాలు పడ్డాయి. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరు రాత్రికే అయిపోయింది. మెయిన్ దించి వైరు పెట్టాను. మిషన్ గుర్రుమంది, ఆమె మొహంలోకి రంగు వచ్చింది. ఆ నిమిషంలో ఆ బండికి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. నన్ను ఎగతాళి చేసినవాళ్లే తెల్లవారి ఫోన్లు పట్టుకుని చార్జింగు కోసం మా వరండాలో బారులు తీరారు. కాదనలేదు. కాస్త గొప్పగా కూడా ఉంది. కానీ సాయంత్రానికి బండి తెర మీద అంకె అరవైకి పడింది, అప్పటి నుంచి నా కళ్లు దాని మీదే. అరవై, యాభై ఐదు, యాభై. ఆ అంకె ఆమెకు మిగిలిన ఊపిరిలా కనిపించేది. రాత్రంతా గంటకోసారి లేచి చూసేవాణ్ణి.

మర్నాడు పొద్దున పదింటికి లైన్‌మన్ వచ్చాడు. కాంట్రాక్టు మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో. మా వీధికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్లేవాడు. నన్ను బాబాయ్ అనేవాడు, మా ఆవిడని పిన్ని అనేవాడు. మా ఇంటికి మూడో పోలు దగ్గర వైరు తెగి వేలాడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు పీకేసి వచ్చానన్నాడు. కాబట్టి అటు నుంచి కరెంటు రాదు. రావాలంటే ఇటు మా ఇంటి నుంచే రావాలి. అది అతనికీ తెలుసు. అందుకే నిచ్చెన దించి నేరుగా మా వరండాలోకి వచ్చాడు.

"బాబాయ్, బండి మీద నడుస్తందా ఇల్లు?"

"మీ పిన్ని మిషన్ ఎట్టా నడవాలిరా మరి?"

"మెయిన్ దించావుగా?"

"దించా. చూసుకో."

చూశాడు. చేత్తో తట్టి మరీ చూశాడు. "ఆ ఫీజు కూడా పీకి జేబులో ఏసుకో బాబాయ్. పని అయ్యాక నేనొచ్చి పెడతా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండు రోజులుగా నిద్ర లేదు, ఆ అంకె ముప్పై ఐదుకొచ్చింది, ఈ కుర్రాడు వచ్చి నా ఇంట్లో నాకు పాఠం చెబుతున్నాడు. "నలభై ఏళ్లు స్టీరింగు పట్టినోణ్ణి. దించానని చెప్పాగా, నా మాట మీద నమ్మకం లేదా? పోయి ఎక్కు."

అతను నవ్వాడు. "నీ మాట మీద నమ్మకం లేకపోతే ఎవరి మాట మీద ఉంటది బాబాయ్," అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లాడు.

ఫీజు పీకి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. చెయ్యి చాపితే అందే పని అది.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. కరెంటు రాగానే చిన్నా పెద్దా అందరూ "వచ్చిందోయ్!" అని అరుస్తారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి అరుపు పాకిపోతుంది. ఆ అరుపు వినపడగానే మా ఇంట్లో నేను మెయిన్ ఎత్తుతాను. హెచ్చుతగ్గుల కరెంటుకి మిషన్ పాడవుతుందని భయం నాకు. అందుకని పోయినప్పుడల్లా దించుతాను, అరుపు వింటే ఎత్తుతాను. మూడేళ్లుగా ఇదే పని. చేతికి అలవాటైపోయింది.

పదకొండింటికి కాలవ అవతల వీధిలో కరెంటు వచ్చింది. వాళ్లది వేరే ట్రాన్స్‌ఫార్మర్. వాళ్లు అరిచారు. మా వీధి పిల్లలు అందుకున్నారు, ఆడవాళ్లు అందుకున్నారు. "వచ్చిందోయ్! వచ్చిందోయ్!" రెండు రోజులు చీకట్లో ఉన్నారేమో, ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచారు. నేను బండి దగ్గర అంకె చూస్తున్నాను. ముప్పై ఒకటి. ఆ అరుపు వినగానే నా గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. పరుగెత్తుకొచ్చి మెయిన్ ఎత్తాను.

వీధంతా వెలిగింది. చర్చి మీద సిలువ లైటు వెలిగింది. ఎవరో "స్తోత్రం" అన్నారు. నేనూ అన్నాను. వీధి మొత్తానికీ ఆ వెలుగు నా బండిలోనుంచి వెళుతోందని నాకు తట్టలేదు.

నాలుగైదు క్షణాలే. వీధి బరువు లాగలేక బండి కీచుమని ఆగిపోయింది. అంతా ఆరిపోయింది. లోపల మా ఆవిడ మిషన్ కూతపెట్టడం మొదలుపెట్టింది. నేను పోలు వైపు చూడలేదు. బండి దగ్గరకు పరుగెత్తి మళ్లీ స్విచ్చి నొక్కబోయాను. మెయిన్ ఇంకా ఎత్తే ఉంది. నొక్కి ఉంటే రెండోసారి కూడా అతనికే తగిలేది.

ముక్కు దగ్గర ట్యూబు లాగేసుకుని, గోడ పట్టుకుని, ఆయాసపడుతూ మా ఆవిడ వరండాలోకి వచ్చింది. మెయిన్ కిందికి లాగింది. వీధి చివరకు చెయ్యి చూపించి అక్కడే కూలబడిపోయింది.

అతను నడుముకి కట్టుకున్న తాడు మీద తల కిందికి వేలాడుతున్నాడు. కింద ఉన్నవాళ్లు కేకలు పెడుతున్నారు. ఇప్పుడు ఎవరూ "వచ్చింది" అనడం లేదు.

బతికాడు. గుంటూరు ఆసుపత్రిలో కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. అధికారులు వచ్చి ఊళ్లో విచారించారు. ఎవరింట్లోనుంచైనా కరెంటు ఎదురొచ్చిందా అని అడిగారు. వీధిలో ఎవరూ నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. తర్వాత తెలిసింది. హడావిడిలో, లైనుని భూమికి కలిపే ఎర్తింగు గొలుసు వేయకుండా ఎక్కానని, తప్పు తనదేనని అతనే రాయించి ఇచ్చాడట. తప్పు తనదైనాక ఉద్యోగం పోయింది.

నెల ఆగి వాళ్లింటికి వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. అతను ఎడం చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నాడు. మెతుకులు కంచం బయట పడుతున్నాయి. అతని భార్య ఏరి కంచంలో వేస్తోంది. నన్ను చూసి అతను లేవబోయాడు.

"కూర్చోరా. నీకొక మాట చెప్పాలి. ఆ రోజు మెయిన్..."

"తెలుసులే బాబాయ్. పోలు మీద నుంచి మీ వరండా కనపడద్ది. నువ్వు పరుగెత్తుకొస్తా ఉంటే చూశా."

నేను అతని కంచం ముందు కింద కూర్చున్నాను.

"వద్దని అరిచా బాబాయ్, గొంతు చించుకుని. వీధంతా అరుస్తన్నారుగా. నీకు యాడ వినపడద్ది?"

"మరి తప్పు నీదని ఎందుకు రాయించి ఇచ్చావురా?"

"నిజం చెబితే బండి సీజు చేస్తారు. మళ్లీ కరెంటు పోతే పిన్ని సంగతేంది?" అని, ఎడం చేత్తో ముద్ద చేయబోయి చేయలేక ఆగిపోయాడు.

నేను ఏడ్చాను. అతని భార్య ఏడవలేదు. నా వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "రాసిచ్చెయ్యి," అంది. "నా ఊపిరి నా దేవుడు చూసుకుంటాడు. ఆ బిడ్డ ఉద్యోగం పోగొట్టి నేను పీల్చే గాలి నాకు అరగట్లేదు." ఆ మాట చెప్పడానికి ఆమె మూడుసార్లు ఆగింది.

ఆ రాత్రే కాగితం రాశాను. ఆ పూట జరిగిందంతా ఇక్కడ రాసినట్టే రాసి కింద సంతకం పెట్టాను. అది రాసి రెండు నెలలవుతోంది, ఇంకా నా దగ్గరే ఉంది. పర్చూరు కరెంటు ఆఫీసు ముందు నుంచి వారానికి నాలుగుసార్లు టిక్కీలేసుకుని వెళుతున్నాను. ఒక్కసారి కూడా బండి ఆపలేదు.