తడి జుట్టు వెనుక ముఖం

ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా సాక్ష్యం చదివితే మీకు నవ్వు రావచ్చు, నవ్వండి, కానీ ఒక సినిమా నన్ను కన్నబిడ్డకు దూరం చేసిందంటే ఎవరు నమ్ముతారు! పటాన్‌చెరులో మాత్రల కంపెనీలో, ప్యాకింగ్‌లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంద్రేశంలోని మా కిరాయి గదికి వచ్చేసరికి మా ఆయన డ్యూటీకి, బిడ్డ బడికి వెళ్లిపోయేవారు, నిద్ర పట్టక నేను సీడీల షాపు నుంచి కిరాయికి తెచ్చిన సినిమాలు పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఆ షాపతను జపాన్ దయ్యం సినిమా ఇచ్చాడు. రెండు సీడీల సినిమా, కవర్లో మొదటిదే ఉంది.

మన సినిమాల్లో దయ్యమంటే అరుస్తుంది, పగ ఎందుకో చెబుతుంది, మంత్రగాడొస్తే పోతుంది. ఇందులో అరుపే లేదు! ఖాళీ గది, కారుతున్న నీళ్లు, ముఖం మీద తడి జుట్టు వేసుకుని కదలకుండా నిలబడ్డ ఒక ఆడపిల్ల, అంతే. భాష ఒక్క ముక్క తెలియదు. భయంతో దుప్పటి ముఖం దాకా లాక్కునేదాన్ని, అయినా మర్నాడు మళ్లీ అదే పెట్టేదాన్ని. ఎందుకు? నాకిప్పటికీ తెలియదు! రెండో సీడీ దొరికితే ఆ పిల్లకేం కావాలో తెలుస్తుంది, నా మనసు కుదుటపడుతుంది అనుకున్నాను. షాపతను వెతికి ఇచ్చాడు కూడా. చూశాను. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు, ఎక్కడికీ పోలేదు, సినిమా మాత్రం అయిపోయింది.

అప్పటి నుంచి మా అమ్మాయి కరుణ ఆదివారం తలస్నానం చేసి, జుట్టు ముందుకు వేసుకుని తుండుతో దులుపుకుంటుంటే నేను వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. జడ వేయమని వస్తే పక్కింటి ఆమె దగ్గరికి పంపేదాన్ని. కొన్నాళ్లకు అది నా దగ్గరికి రావడమే మానేసింది. నేనేమో మోకరించి, "ప్రభువా, నాకేం సమజైతలేదు. ఇష్టమా, భయమా, ఏందిది? నా బిడ్డను నాకు బిడ్డలెక్క సూపియ్యి తండ్రీ" అని ఏడ్చేదాన్ని.

ఒక ఆదివారం మందిరంలో ఆడవాళ్లమంతా చాపల మీద మోకరించాం. నా పక్కనే కరుణ నుదురు చాపకు ఆనించింది, ముసుగు జారి తడి జుట్టంతా ముఖం మీద పడింది. లేచి పోదామనుకున్నాను. అప్పుడు ఆ జుట్టు లోపలి నుంచి సన్నగా వినబడింది: "యేసయ్యా, మా అమ్మ నన్ను జూసి ఎందుకు భయపడ్తది? నేనేం జేసిన?"

సహోదరులారా, సినిమాలో ఆ పిల్ల ఒక్క మాట చెప్పలేదు, నా బిడ్డ చెప్పింది! నా చేయి దానంతట అదే వెళ్లి ఆ జుట్టు పక్కకు తీసింది. ముక్కు కారుతూ, కళ్లు వాచి, నా కరుణే! ఆ రోజు మందిరం మెట్ల మీదే కూర్చోబెట్టి చిక్కు తీసి జడ వేశాను, అలవాటు తప్పి వంకరగా వచ్చింది.

ఆ సినిమా నన్ను ఎందుకు లాగిందో దేవుడు నాకు చెప్పలేదు, ఎక్కడైనా దాని మాట వస్తే ఇప్పటికీ మనసు ఒక్కసారి అటు పోతుంది. చెప్పకుండానే విడిపించాడు, దేవునికే మహిమ! ఏ భయంలో ఉన్నారో మీకే తెలియకపోతే, తెలిశాక ప్రార్థిద్దామని ఆగకండి, తెలియదనే ఆయనతో చెప్పండి, వింటాడు. ఇక ఉంటాను, ఇవాళ ఆదివారం, కరుణ తడి జుట్టుతో, చేతిలో దువ్వెనతో నా గుమ్మంలో నిలబడి ఉంది.