నూకరాజు కట్టిన కారు షెడ్డు

బందరులో కారు కొనడం తేలికే. కొన్న కారుకి ఉప్పుగాలి తగలకుండా ఇంత నీడ చూపించడంలోనే నూకరాజుకి తల ప్రాణం తోకకొచ్చింది.

నూకరాజు గిలకలదిండి రేవులో చేపలు కొని గుడివాడ మార్కెట్టుకి పంపే వ్యాపారి. నలభై ఆరేళ్ళవాడు, ముక్కుమీద కోపం. కారు మీద మోజుతో కొన్నవాడు కాదు. ఆ మధ్య భార్య కుమారిని గుడివాడలో ఉన్న ఆమె అక్క ఇంటికి తీసుకెళ్దామని అద్దె కారు పిలిచాడు. డ్రైవరు వీళ్ళ వాకిట్లో ఆరేసిన వలలూ బుట్టలూ చూశాడు. డిక్కీ తెరిచి ప్లాస్టిక్ పట్టా తీసి వెనక సీటు మీద పరిచాడు. కుమారి పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని ఉంది. ఆ పట్టా మీద కూర్చుని గుడివాడ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా ఆ పట్టా చేసిన చప్పుడు నూకరాజు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ నెలలోనే ఉన్నదంతా ఊడ్చి సెకండ్ హ్యాండులో తెల్ల కారు కొన్నాడు. ఇంకొకటి కొనే శక్తి ఈ జన్మకి లేదని అతనికి తెలుసు. అందుకే దాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలనుకున్నాడు. అందులో చేప ఎక్కడానికి వీల్లేదు. ఇంటి కూరకి తెచ్చే రొయ్యలు కూడా సైకిలు మీదే రావాలి.

సముద్రపు గాలి ఇనుమునేం చేస్తుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు చెబుతాయి, గేటు మడతబందులు చెబుతాయి. ముందు గుడ్డ కవరు కొన్నాడు. రాత్రంతా గాలికి అది రెపరెపలాడి, కింద చేరిన ఇసకతో బానెట్టు రంగుని గరుకు కాగితంలా గీకేసింది. దాన్ని కుక్కలు చింపేశాక పీడా పోయిందనుకున్నాడు. తర్వాత రెండు వీధుల అవతల ఖాళీగా ఉన్న ధాన్యం గోడౌను మాట్లాడాడు. దాని ఓనరు తాళం వేసుకుని విజయవాడ వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజున కారు లోపల, నూకరాజు బయట.

ఇక షెడ్డే గతి అని తేలాక సలహాల వర్షం మొదలైంది. తాటాకు పాక వేయమన్నాడొకడు. చౌకే గానీ, ఎలుకలు వైర్లు కొరికితే ఎవడు బాధ్యుడు? ఇనప రేకులు వేయమన్నాడు వెల్డింగ్ షాపువాడు. కారుకి తుప్పు పట్టకుండా తుప్పు పట్టే షెడ్డు కట్టడమేమిటని నూకరాజు అతని మీద విరుచుకుపడ్డాడు. స్లాబు గది కట్టమన్నాడు మేస్త్రి. దాని ఖర్చు వింటే కారు కూడా నవ్వుతుంది.

చివరికి తన బుర్రతోనే ఆలోచించాడు. సరుగుడు గుంజలు, పైన సిమెంటు రేకులు. సముద్రం ఉన్న తూర్పు వైపూ, గాలి కొట్టే దక్షిణం వైపూ గోడలు. పడమటి వైపు నుంచి కారు రాకపోకలు. మేకు కూడా తుప్పు పట్టనిదే వాడాడు. అందరి సలహాల కంటే ఇది బాగుందని అతనికే ముచ్చటేసింది. మిగిలింది నేల ఒక్కటే. ఇంటి పక్క స్థలం పల్లం, వాన పడితే మోకాలి లోతు నీళ్ళు. మెరక చెయ్యక తప్పదు. గ్రావెల్ ఎక్కడో మెట్ట ప్రాంతం నుంచి రావాలి, దాని ధర అతని తాహతుకి మించింది. అప్పుడే కృత్తివెన్ను నుంచి బావమరిది అయ్యప్ప ఫోన్ చేశాడు.

"బావా, చెరువు పూడిక తీయిస్తున్నాను. మట్టి కావాలంటే ట్రాక్టర్లు పంపిస్తా. డీజిల్ పోయించుకో చాలు."

"పంపరా నాయనా," అన్నాడు నూకరాజు. వచ్చిన మట్టి నల్లగా, జిగటగా, దిమ్మిస కొడితే రాయిలా దిగింది. బంగారంలాంటి మట్టి అని వీధంతా మెచ్చుకుంది.

బానెట్టుకి మళ్ళీ రంగు వేయించాక ఏడాదిన్నర కారు కళకళలాడింది. వారానికోసారి తుడుస్తుంటే అద్దంలోలా మొహం చూసుకోవచ్చు. షెడ్డు నేల మీద మాత్రం ఎండాకాలంలో తెల్లటి పూత వచ్చేది. సిమెంటు రేకుల పొడి రాలుతోందనుకుని నూకరాజు చీపురుతో ఊడ్చేసేవాడు.

ఈ వేసవిలో అద్దాలన్నీ మూసినా కారులోకి దుమ్ము రావడం మొదలైంది. మెకానిక్ శామ్యూల్ రాజ్ దగ్గరికి తీసుకెళ్తే, అతను కారుని జాకీ మీద లేపి కిందికి దూరాడు. అక్కడి నుంచే అడిగాడు.

"అన్నా, బండి ఎక్కడ పెడుతున్నావు? రేవులోనా?"

"షెడ్డులో పెడుతున్నానయ్యా! వచ్చి చూడు, బందరులో అలాంటి షెడ్డు ఇంకోటి లేదు."

"అయితే కింద జల్లెడెందుకయ్యింది?"

స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు. ముందు సీటు దగ్గర అది కారు అడుగు రేకు చీల్చుకుని లోపలికొచ్చింది. నూకరాజు నేరుగా ఇంటికి వెళ్ళి, షెడ్డులో కూర్చుని, ఆ తెల్ల పూత వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన రుచి. ఉప్పు.

వెంటనే అయ్యప్పకి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఆ మట్టి ఉప్పునీళ్ళ రొయ్యల చెరువు అడుగుదని నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పేదేముంది బావా?" అయ్యప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకున్నది ఆ ఒక్క చెరువే కదా. పంట పంటకీ ఆ రొయ్యలు కొనేది నువ్వేగా!"

నూకరాజు ఫోన్ పెట్టేశాడు. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. బయట పోసి ఉంటే ఆ మట్టిలో ఉప్పు ఒక్క వర్షాకాలానికి కడుక్కుపోయేది. తను దాని మీద చుక్క నీరు పడకుండా రేకులు వేశాడు, గాలి ఆడకుండా గోడలు కట్టాడు. ఆ ఉప్పు చెమ్మ రాత్రీ పగలూ పైకి ఆవిరి కొట్టి, అక్కడ కదలకుండా నిలబెట్టిన ఇనుముని తింటూ కూర్చుంది. గాలిలో వచ్చే ఉప్పుని ఆపడానికి ఇంత తెలివి చూపించినవాడు, కాళ్ళ కింద ఉప్పు తనే దగ్గరుండి దిమ్మిస కొట్టించుకున్నాడు. ఆ గుంజలన్నీ పీకి పారెయ్యాలన్నంత కసి పుట్టింది. ఆ రోజు అన్నం తినలేదు.

శామ్యూల్ రాజ్ అక్కడక్కడా రేకు ముక్కలు అతికించాడు. "మనిషి కూర్చోవచ్చు. ఎడమ పక్క ముందు సీటు దగ్గర మాత్రం కింద కాలు మోపొద్దు, పూర్తిగా మార్చాల్సిందే," అన్నాడు. మార్చే స్తోమత వచ్చేదాకా కారు వీధిలో సముద్రానికి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు దానికదే నయం.

అంతలో గుడివాడలో కుమారి అక్క వెంకాయమ్మ మనవరాలికి ఓణీల ఫంక్షను వచ్చింది. నూకరాజు తల వంచుకుని, "అద్దె కారు పిలుస్తానే," అన్నాడు.

కుమారి అతని వంక చూసింది. "మన కారుండగా ఇంకోళ్ళ కారెందుకు మావా?" అంటూ వచ్చి ముందు సీటులోనే కూర్చుంది. చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. కొత్త చీర నలిగిపోతున్నా రెండు కాళ్ళూ పైకి లాక్కుని, సీటు మీద బాసింపట్టు వేసుకుంది. "పోనియ్," అంది.

పెడన దాటినా నూకరాజు ఆమె కాళ్ళ వంక చూడలేకపోయాడు. ప్రతి గతుకు దగ్గరా ప్రాణం ఉగ్గబట్టుకుని నడిపాడు.

గుడివాడలో పందిరి ముందు ఆపాక కుమారి చెప్పులు వేసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తలుపు తీసుకుని దర్జాగా దిగింది. వెంకాయమ్మ కొడుకు ఎదురొచ్చి కారు చుట్టూ తిరిగి చూశాడు. "బాబాయ్, ఉప్పుగాలిలో ఉండి కూడా కొత్తదానిలా పెట్టుకున్నావే! ఎలా?"

నూకరాజు నోరు తెరిచేలోపు కుమారి అందుకుంది. "మీ బాబాయి దగ్గరుండి షెడ్డు కట్టించాడు మరి."

ఆ మాటలో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని నూకరాజు వెతికాడు. లేదు. ఉంటే బాగుండుననిపించింది.