కాలవగట్టు మీద డిస్కు బ్రేకు

రిటైరయ్యే ముందు ఏడాది, ఖరీఫ్ నాట్లకి కాస్త ముందుగా, నన్ను అవనిగడ్డ వైపు ఒక సెక్షన్‌కి వేశారు. సెక్షన్ అంటే కాలవలో ఒక ముక్క అనుకో. దాని బాధ్యత నాలాంటి అసిస్టెంట్ ఇంజనీరుది. పైన డీఈ గారు, కింద గట్టు మీద తిరిగి కాలవని కనిపెట్టుకునే లస్కరు. మా లస్కరు నాకంటే ముందే రిటైరైపోయాడు, కొత్త మనిషి రాలేదు. కాబట్టి ఇంజనీరునీ నేనే, లస్కరునీ నేనే.

వానల్లో గట్టు మీద స్కూటర్ జారుతుంది. మా తమ్ముడు, అదే మీ నాన్న, ఒళ్ళు తగ్గించుకుంటానని కొని, గుడివాడలో మేడమెట్ల కింద పడేసిన గేర్ల సైకిలు గుర్తొచ్చింది. బస్సు మీద వేయించుకుని తెచ్చుకున్నాను. నవ్వకు, నా ఉద్యోగం కబుర్లు కావాలన్నావుగా, రాసుకో. లావు టైర్లు, బురదలో బాగా పోయేది. చక్రం మధ్యలో పళ్ళెంలాంటి ఇనుప డిస్కు ఉంటుంది. బ్రేకు నొక్కితే క్యాలిపర్ అనే చిన్న పెట్టెలోని రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ పట్టుకుంటాయి. ఆ ప్యాడ్ ఒకటి ఎప్పుడూ డిస్కుకి రాసుకుంటూ సర్‌సర్‌మనేది. బ్రేకు నొక్కితే ఇక కీచుమని ఊరంతా వినపడేది.

అద్దె గదిలో ఒక్కదాన్నే. గట్టు మీద జనం ఉండేవాళ్ళు కానీ మాట్లాడేవాళ్ళు లేరు. ఇంజనీరు రాగానే రైతులు మాటలాపి లేచి నిలబడతారు. కూర్చోమంటే కూర్చుంటారు, ఆగిన మాట మాత్రం మళ్ళీ మొదలుపెట్టరు. అనసూయమ్మ ఒక్కతే వేరు. కాలవ పక్కనే ఆవిడ పొలం, చిన్న షెడ్డు. సేద్యం తనే చూసుకునేది. నా బ్రేకు కూత వినగానే గట్టెక్కి, "వదినా, మీ బండి ఏడుపు విని మజ్జిగ కలిపాను, దిగండి" అనేది. ఆ పిలుపు కోసం పని లేకపోయినా అటు తిరిగేదాన్ని. ఒకరోజు ఆవిడే డిస్కుకి కొబ్బరినూనె పట్టించింది. ఏది కీచుమన్నా మనకి నూనే కదా మందు! కూత ఇంకా పెరిగింది, బ్రేకు పట్టడం తగ్గింది.

నీళ్ళు తక్కువై వంతులు పెట్టాం. అంటే పై రైతులు తమ వంతు కాగానే పొలానికి నీళ్ళిచ్చే తూము మూసుకోవాలి. నీళ్ళు పాలకాయతిప్ప వైపు శివారు పొలాలకి పోవాలి. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే, కాలవ అందకపోతే నారు పోయినట్టే. వదిలిన నీళ్ళు శివారుకి చేరలేదు. రోజూ వెళ్తున్నాను, ఎక్కడా అడ్డు లేదు. కానీ చాలా దూరం కాలవ లోపలి గట్టుకి, నీటిమట్టానికి జానెడు పైన తడి చార కనిపించేది. ఎవరో అడ్డుకట్ట వేసి నీళ్ళు పైకి ఎక్కించుకుని, నేనొచ్చేసరికి తీసేస్తున్నారన్నమాట.

శివారు రైతు కోటయ్య పసుపెక్కిన నారు పీకి నా చేతిలో పెట్టాడు. దొంగ దొరకడం లేదని చెప్పాను.

"ఎలా దొరుకుతాడండీ? మీ సైకిలు లాకుల దగ్గర కూస్తే మా ఆవిడ ఇక్కడ టీ పెట్టుద్దండి. నీళ్ళ దొంగకేమన్నా చెవుడా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బందరులో సైకిల్ షాపతను అలాంటి బ్రేకు ముట్టుకోనన్నాడు, కొత్త ప్యాడ్లు మాత్రం తెప్పించి ఇచ్చాడు. ఫోన్లో వీడియో పెట్టుకుని నేనే కూర్చున్నాను. సర్‌సర్ వేరు, కూత వేరు. కూతకి కారణం పాతబడి గట్టిపడ్డ ప్యాడ్లు, దానికి తోడు ఆ నూనె. డిస్కుని స్పిరిట్‌తో తుడిచి, నూనె పీల్చిన ప్యాడ్లు తీసి కొత్తవి వేశాను. సర్‌సర్‌కి కారణం క్యాలిపర్ పక్కకి జరగడం. దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులూ వదులు చేసి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అప్పుడు అది తనంతట తానే డిస్కుకి సరిగ్గా మధ్యకి వస్తుంది. బ్రేకు వదలకుండా అది కాస్త, ఇది కాస్త చొప్పున బోల్టులు బిగించాలి. వెనక తెల్ల కాగితం పెట్టి చూస్తే రెండు పక్కలా సన్నని సందు కనిపించింది. చక్రం తిప్పాను. చప్పుడు లేదు. కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాలిగా, వీధిలో వేగంగా పోతూ మెల్లగా ఆపుతూ చాలాసార్లు తిరిగాను.

మర్నాడు గట్టు మీద షెడ్డు దగ్గరి మలుపు దాటి ఆగాను. అనసూయమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి కాలవకి అడ్డంగా ఇసుక బస్తాలు పేరుస్తోంది.

"వినపళ్ళేదే వదినా," అంది.

"బాగుచేసుకున్నాను."

"నా నారూ ఎండుతోంది. ఈ పూటకి చూడనట్టు వెళ్ళిపోకూడదూ?"

"కోటయ్య గారి నారు చేత్తో పట్టుకుని చూశాను వదినా. బస్తాలు తియ్యండి."

తీసింది. ఆవిడ తూము తలుపు దించి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర పెట్టుకుంటున్నానని చెప్పాను. "అలాగే మేడమ్ గారూ" అంది. నూనె తెలిసి రాసిందో తెలియక రాసిందో నేను అడగలేదు.

నీళ్ళు శివారుకి చేరాయి, నాట్లు పడ్డాయి. రిటైరయ్యేదాకా ఆ షెడ్డు ముందు నుంచే వెళ్ళేదాన్ని. ఆవిడా అందరిలాగే లేచి నిలబడేది. నేను ఆగేదాన్ని కాదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పేదొకటే. వంతులు నడిచేటప్పుడు మనకి చనువున్నవాళ్ళ తూము ముందు చూడాలి. ఆ రైతు చెడ్డవాడని కాదు, నీళ్ళు చాలనప్పుడు అందరి నారూ ఎండుతుంది. కానీ అడ్డుకట్ట ఎవరు వేసినా శివారుకి చేరేది పొడి కాలవే.