రెండుసార్లు తడితే ఆగు

దయ్యాలు, గాలి, ధూళి అంటె నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఎవలన్న చెప్తుంటె నవ్వి నా బీడీల చాట దగ్గరికి గుంజుకునేదాన్ని. ఇది మట్టుకు నా కండ్ల ముందర అయింది, అయినట్టే రాస్తున్న.

మాది సిరిసిల్ల. మా ఆయన చిన్నప్పటిసంది సాంచెలు, అంటె కరెంటు మగ్గాలు, నడిపి బట్ట నేసిండు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయినయి. ఎల్లంతకుంట తొవ్వల బండి మీదికెల్లి పడ్డంక ఎడమ చెయ్యి భుజం కాడికెల్లి వేలాడవడ్డది. సూది గుచ్చినా తెలువది.

మెడకాడ నరం తెగిందా, ఉత్తగ నలిగిందా ఎమ్మారైల కనవడాలె అన్నడు డాక్టరు. నలిగితె ఆపరేషన్‌తోని చెయ్యి వస్తది. ఆలిశమైతె కండ ఎండిపోతది.

రెండుసార్లు తీపిచ్చినం. రెండుసార్లూ ఫొటో చెదిరింది. ఊపిరి తీస్తె భుజం కదులుతది, సన్నటి నరం మసకైతది. "గాలి పీల్చి ఆపు" అని లోపల చెప్తనే ఉన్నరు, ఈయనకు ఇనవడాలె గదా. కోపానికొచ్చి, ఇంట్ల నేను పిలిస్తెనే పలుకవు, మిషన్ల పలుకుతవా అన్న. ఒక్క చేత్తోని సాంచ నడువదే అని ఏడ్చిండు. ఆ మాట ఎందుకన్ననా అని ఇప్పటికీ కుములుత.

మూడోసారి జగిత్యాలకు పోయినం. గదే ఆఖరు, ఇంకోసారి తీపిచ్చే ఓపిక మాకు లేదు. మిషన్ నడిపే పిలగాడు మంచోడు. ఈయన కడుపుకు ఒక పట్టీ కట్టిండు. ఊపిరి తీస్తె టీవీల గీత లేస్తది, ఆపితె సాపుగైతది. నన్ను అద్దం ఇవతల కూసోవెట్టుకున్నడు.

ఆ పిలగాడు మైకుల చెప్పుడు, గీత ఆగుడు. మిషన్ చప్పుడు మొదలుగాకముందే ఆగుతున్నది. ఒక్కసారి గూడ తప్పలే. ఫొటోల నరం పోగు లెక్క తేటగ కనవడ్డది. తెగలే, నలిగింది.

లోపలికి పోయి చూస్తె, మైకు మాట ఇనవడెటందుకు చెవులకు పెట్టినదాని పైపు ఊడి కింద వేలాడుతున్నది. మాట లోపలికి పోనేలేదు.

"బాగ ఇన్నవ్ పెద్దాయనా" అని ఆ పిలగాడు చెవుకాడ ఒర్రిండు.

"నువ్వేం జెప్పినవ్? రాజేశం తట్టిండు" అన్నడు మా ఆయన.

రాజేశం ఆయన పక్క సాంచ మీద పనిజేసినోడు. షెడ్డుల మాట ఇనవడదని ఒకరినొకరు తట్టుకునేటోళ్ళు. రెండుసార్లు తడితే ఆగు, ఒక్కసారి తడితే కానియ్యి. పోయిన ఎండకాలం గుండెపోటుతోని సచ్చిపోయిండు.

యాడ తట్టిండని అడిగిన. కుడిచేత్తోని ఎడమ చెయ్యి పట్టి చూపెట్టిండు. ఆ పొద్దుమూకే డాక్టరు గదే చెయ్యిల సూది గుచ్చిండు. ఈయన ఉలకలే.

మిషన్ అదురుకు గట్ల అనిపిచ్చిందేమో అన్నడు డాక్టరు. అదురకముందే గీత ఎట్ల ఆగిందంటె ఆపరేషన్ తారీకు రాసిచ్చిండు. ఆపరేషన్ అయింది. బొటనవేలు ఇప్పుడిప్పుడు మెదులుతున్నది.

ఈ ముచ్చట ఎవలు చెప్పిండ్రో, రాజేశం పెండ్లాం కోరుట్ల తల్లిగారింటికాడికెల్లి బస్సెక్కి అచ్చింది. మా ఆయన ముందర కూసుండి చాలాసేపు ఆ చెయ్యినే చూసింది. తర్వాత నన్ను అవతలికి పిలిచి, "మా గురించి ఏమన్న అడిగిండా అక్కా?" అన్నది.

ఆ తట్టింది ఎవలో, ఏందో నాకే తెలువది. ఆమెకు అన్నం పెట్టుకచ్చిన.