డయోడు బాబాయి దాచిన మాట

మా నాన్న గడియారాల షాపుకి ఎదురుగా, అదే సందులో, రేడియోలు బాగుచేసే గది ఒకటి ఉండేది. అందులో కూర్చునే ఆయనకి సొంత పేరు ఉండే ఉంటుంది, కానీ అందరికీ ఆయన డయోడు బాబాయే. నాన్నకి తోడబుట్టినవాడు కాడు. అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయి అయ్యాడు. ఆయన పోయి నెల దాటింది. ఆయన గురించి మంచిమాటలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను అన్నీ చెబుతాను, ఆయన మీద నాకొచ్చిన కోపంతో సహా.

మనిషి పొట్టి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉండేది. గదికి తాళం వేశాక సందు చివరిదాకా వెళ్లి, పడిందో లేదోనని మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. మాటలు తక్కువ. "ఈయన పెళ్లాంతో కంటే మీటరుతోనే ఎక్కువ మాట్లాడతాడు" అని మా అమ్మ ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఆదివారం పొద్దున్నే నాన్నా బాబాయీ ఊరి బయట మైదానానికి పోయేవాళ్లు. రేడియోతో నడిపే బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లు అక్కడ చేరేవారు. బొమ్మ అన్నానని చిన్నవనుకోకండి. నాన్న చెక్కిన పసుపు విమానం రెక్కలు బిగిస్తే మా వంటగదిలో పట్టేది కాదు. దానికి రెండేళ్లు పట్టింది.

విమానం గాల్లో ఉండగా బ్యాటరీ ఆగిపోతే కింద ఉన్నవాడు చెయ్యగలిగింది ఏమీ ఉండదు. అందుకని బాబాయి అందులో రెండు బ్యాటరీలు పెట్టాడు. ఒకటి పోతే రెండోది అందుకోవాలి. అలాగని రెండింటినీ నేరుగా కలిపేస్తే, పాడైనది బాగున్నదాన్ని కూడా పీల్చేస్తుంది. అది జరక్కుండా ఒక్కో బ్యాటరీ దారిలో ఒక్కో డయోడు పెడతారు. డయోడు కరెంటును ముందుకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. బాబాయి పెట్టినవి బియ్యపుగింజంత నల్లటి డయోడ్లు, ఒక కొసన తెల్ల గీత ఉన్నవి. రేడియోల్లో ముప్ఫై ఏళ్లుగా ఆయన వాడుతున్నవే.

ఎగరేసిన మూడో ఆదివారం విమానం కూలింది. పైకి లేచి, గుండ్రంగా తిరిగి కిందికి దిగుతోంది. ముక్కు పైకి లేపడానికి నాన్న రిమోటు మీద పుల్ల లాగాడు. విమానం వినలేదు. తిన్నగా వచ్చి నేలని కొట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. నాన్న వేళ్లు ఆ పుల్ల మీద అలాగే ఉండిపోయాయి.

"నా చేతులే ఆలస్యం చేశాయి," అన్నాడు అందరి ముందూ. "వీడి పనికి వంక పెట్టక్కర్లేదు. రెండు బ్యాటరీలు పెట్టిచ్చాడు. వయసు నాది."

బాబాయి వంగి ముక్కలు ఏరుకున్నాడు. ఆ రోజుకి ఆయనకీ అసలు సంగతి తెలియదు. అంతవరకు ఆయన తప్పు లేదు.

గడియారాలు బాగుచేసేవాడి దగ్గర అప్పుడప్పుడు ఓ చిన్న మరమేకు జారిపడటం మామూలే. నాన్న ఆ తర్వాత జారిన ప్రతి మరమేకునీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా షాపు మూసేస్తానన్నాడు. "ఒకళ్ల గడియారం ఈ చేతుల్తో పాడు చెయ్యలేను" అన్నాడు. అమ్మ బతిమాలింది, నేను పోట్లాడాను. మూసేసిన రోజు బాబాయే వచ్చి గోడగడియారాలన్నీ దించి పాతగుడ్డల్లో చుట్టాడు. షట్టరు కిందికి లాగి, తాళం వేసి, తాళంచెవి నాన్న చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత మూడేళ్లు నాన్న కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. చొక్కా గుండీ పెట్టుకుంటూ వేళ్ల వంక చూసుకునేవాడు. కప్పు రెండు చేతుల్తో పట్టుకునేవాడు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. నాన్న డాక్టరు మాట వినలేదు, మైదానంలో తన కళ్లతో చూసిందే నమ్మాడు. బాబాయి రోజూ సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చుని, అరగంట ఉండి వెళ్లిపోయేవాడు. ఎంత అభిమానమో అనుకునేదాన్ని.

అటక మీద నాన్న సగంలో వదిలేసిన ఇంకో విమానం ఉంది. దాన్ని పూర్తిచేసి ఎగరేస్తే, చూడటానికైనా ఇంట్లోంచి కదులుతాడని నాకో ఆశ. నాకు తోచినట్టు అతికించి, కరెంటు పని కోసం బాబాయి దగ్గరికి తీసుకెళ్లాను. డబ్బాలో తెల్ల గీత నల్ల డయోడ్లు కనిపిస్తే రెండు తీసి బల్ల మీద పెట్టాను.

"అవి వద్దు తల్లీ," అన్నాడు. "డయోడు దాటాలంటే కరెంటు సుంకం కట్టాలి. ఈ నల్లదాని దగ్గర ముప్పాతిక వోల్టు దాకా పోతుంది. షాట్కీ అని ఇంకో రకం ఉంది, అందులో సగమే పోతుంది. అది వేడెక్కితే వెనక్కి కాస్త కారుతుంది, ఆ అంకె కూడా చూసుకుని తీసుకోవాలి."

"ఆ కాస్త వోల్టుకే కొంప మునిగిపోతుందా?"

"రేడియోలో మునగదు. విమానంలో తోకనీ రెక్కల్నీ కదిపే మోటార్లు నాలుగున్నాయి. నాలుగూ ఒక్కసారి బరువు లాగితే నాలుగు ఆంపియర్లు కావాలి. ఈ నల్లది ఒక్క ఆంపియరుకి చేసింది. బ్యాటరీ దిగి, పైన సుంకం పోయి, చివరికి రిమోటు మాట వినే రిసీవరుకి అందేది చాలదు. అది కళ్లు తిరిగి పడిపోతుంది. మళ్లీ లేచేసరికి రెండు సెకన్లు."

చెప్పి ఊరుకోలేదు, బల్ల మీద కట్టి చూపించాడు. నాలుగు మోటార్లూ ఊరికే తిరుగుతున్నంతసేపు రిసీవరు దీపం చక్కగా వెలిగింది. "ఇప్పుడు నాలుగింటినీ వేళ్లతో అడ్డుకో" అన్నాడు. అడ్డుకున్నాను. దీపం ఆరిపోయింది.

"బల్ల మీద ఊరికే తిప్పి చూస్తే తెలియదు," అన్నాడు. "పైన గాలి అడ్డుకుంటుంది కదా. అలా అడ్డుకుని చూడాలి."

నేను మామూలుగానే అడిగాను. "నాన్న విమానంలో ఏవి పెట్టావు బాబాయ్?"

చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టాడు.

"నల్లవే."

"నీకెప్పుడు తెలిసింది?"

"కూలిన నాలుగో రోజు. ముక్కలు ఇంటికి తీసుకెళ్లి ఇలాగే కట్టి చూశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగో రోజంటే షాపు ఇంకా తెరిచే ఉంది. మైదానంలో వాళ్లందరి విమానాల్లోనూ, కొత్తరకం వచ్చిందంటూ ఈయన ఒక్కొక్కటే డయోడ్లు మార్చడం అప్పుడు గుర్తొచ్చింది. అందరి విమానాలూ కాపాడాడు. కడిగిపారేశాను. "ఆ షట్టరు దించడానికి నీకు చెయ్యెలా వచ్చింది బాబాయ్?" అన్నాను.

"మొదట సిగ్గేసింది. మైదానంలో అందరూ నా పనే నమ్ముతారు. షాపు మూశాక భయమేసింది," అన్నాడు. "రోజూ చెబుదామనే వచ్చేవాణ్ని తల్లీ. అన్నయ్య మొహం చూసి లేచి వచ్చేసేవాణ్ని."

"ఇవాళ నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

సొరుగులోంచి చిన్న డబ్బా తీసి జేబులో వేసుకుని లేచాడు. గదికి తాళం కూడా వెయ్యలేదు.

నాన్న కిటికీ దగ్గరే ఉన్నాడు. బాబాయి కూర్చోకుండా, నిలబడే, ఉన్నదున్నట్టు నాలుగు మాటల్లో చెప్పేశాడు. "తప్పు నాది అన్నయ్యా. నీ చేతులది కాదు." డబ్బా తెరిచి కుర్చీ పక్క స్టూలు మీద పెట్టాడు. కాళ్లు కత్తిరించిన రెండు నల్ల డయోడ్లు ఉన్నాయి అందులో.

నాన్న ఆ డబ్బాలోకి వంగి చూశాడు. తర్వాత నాతో, "బీరువాలో నా కంటి అద్దం, పట్టకారు ఉన్నాయి, పట్రా" అన్నాడు.

మూడేళ్ల తర్వాత ఆ అద్దం కంటికి బిగించుకున్నాడు. పట్టకారుతో ఒక డయోడు ఎత్తి వెలుతురుకి పెట్టాడు. దాని ఒంటి మీద అంకెలు చీమకాళ్లంత ఉంటాయి. నెమ్మదిగా పైకి చదివాడు. రెండోది ఎత్తాడు, అదీ చదివాడు. పట్టకారు కొస కొంచెం కూడా అదరలేదు. వంటగది గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"మూడేళ్లు నా చేతుల్ని నేను తిట్టుకున్నాన్రా," అన్నాడు నాన్న.

"తెలుసన్నయ్యా."

"తెలిసే ఎదురుగా కూర్చున్నావు."

నాన్న అద్దం తీసి స్టూలు మీద పెట్టాడు.

"పొద్దున్న తొమ్మిదింటికి రా. షట్టరు దించింది నువ్వే. ఎత్తేదీ నువ్వే."

బాబాయి వచ్చాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయిన షట్టరుని భుజం ఆనించి ఎత్తాడు. నాన్న పలకరించకుండా లోపలికి వెళ్లి కూర్చున్నాడు. బాబాయి మర్నాడూ వచ్చాడు. నాన్న ఆయనతో మళ్లీ మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది, నాకు ఇంకా ఎక్కువే పట్టింది. పోయేదాకా తొమ్మిదేళ్లపాటు వానొచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా, బాబాయి ఆ షట్టరు ఇంకెవరినీ ఎత్తనివ్వలేదు.

ఇప్పుడు నాన్నకి డెబ్భై. చేతులు ఇంకా అదరవు. పొద్దున్న తొమ్మిదింటికి తాళంచెవి పట్టుకుని షాపు ముందు నిలబడతాడు. నేను వంగి షట్టరు పట్టుకోబోతే, "ఉండమ్మా, కాసేపు చూద్దాం" అంటాడు.